శాంట్రో టైమింగ్ బెల్ట్ మారుస్తుంటే కామ్ జంప్ అయింది, వాల్వులు వంగకుండా మళ్ళీ ఎలా కలపాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా బండి 2008 శాంట్రో జింగ్. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే చేసుకుంటాను. ఆ ధైర్యంతోనే ఈసారి టైమింగ్ బెల్ట్‌కి కూడా దిగాను. క్రాంక్ (పిస్టన్లకి కలిపి ఉండే ఇరుసు), కామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) రెండింటి మార్కులూ కలిపి పెట్టుకుని టెన్షనర్ (బెల్ట్‌ని బిగించే చక్రం) వదులు చేసి పాత బెల్ట్ లాగేశాను. అంతవరకు బాగానే ఉంది. కామ్ వెనక ఆయిల్ సీల్ కారుతోందని కామ్ పుల్లీ బోల్టు మీద పానా వేసి కొంచెం బలం పెట్టాను. పుల్లీ టక్కున తిరిగిపోయింది. మార్కు ఇప్పుడు నాలుగైదు పళ్ళు పక్కకి ఉంది. వెనక్కి తిప్పబోతే మధ్యలో ఏదో తగిలినట్టు ఆగింది. భయమేసి వదిలేశాను. క్రాంక్ మాత్రం కదపలేదు, మార్కు మీదే ఉంది. వాల్వులు వంగిపోయాయా? హెడ్డు దింపాల్సిందేనా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్.

జవాబు:
తమ్ముడూ, తగలగానే వదిలేశావు చూడు, అది మంచి పని. చేత్తో మెల్లగా తిప్పినప్పుడు తగిలినంత మాత్రాన వాల్వు వంగదు. తగిలాక కూడా పానాకి పైపు తొడిగి లాగితేనో, సెల్ఫ్ కొడితేనో వంగుతుంది. ఇప్పుడు కామ్ జోలికి పోకు. ముందు క్రాంక్ సంగతి చూద్దాం.

ఈ ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు కలిసి పైకొస్తాయి, అప్పుడు 2, 3 అడుగున ఉంటాయి. నీ క్రాంక్ మార్కు మీద ఉందంటే 1, 4 పూర్తిగా పైన ఉన్నట్టు. ఆ స్థితిలో కామ్ తిప్పితే తెరుచుకునే వాల్వులు ఆ రెండు పిస్టన్ల నెత్తిన కూర్చుంటాయి. నీకు తగిలింది బహుశా అదే.

నాలుగు ప్లగ్గులూ విప్పెయ్. గేరు న్యూట్రల్‌లో పెట్టు. క్రాంక్ బోల్టు తీసి ఉంటే మళ్ళీ బిగించి, దాని మీద సాకెట్ వేసి గడియారం ముల్లుకి ఎదురు దిశలో పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు, మెల్లగా వెనక్కి తిప్పు. అప్పుడు 1, 4 కిందికి దిగుతాయి. 2, 3 పైకి వస్తాయి గానీ సగం దారిలోనే ఉంటాయి. ఈ ఇంజిన్ స్ట్రోక్ 77 మిల్లీమీటర్లు. పావు చుట్టు దగ్గర నాలుగు పిస్టన్లూ పై అంచు నుంచి 40 మిల్లీమీటర్లకి పైగా కింద ఉంటాయి. వాల్వు తెరుచుకునేది 10 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఇక కామ్ ఎటు తిప్పినా పిస్టన్‌కి తగిలే ప్రసక్తే లేదు.

ఇప్పుడు కామ్‌ని నీ మార్కు మీదకి తెచ్చుకో. వాల్వ్ స్ప్రింగులు తోస్తాయి కాబట్టి ఒకచోట బరువుగా ఉంటుంది, ఇంకోచోట దానంతట అదే దూకుతుంది. అది మామూలే. మార్కు కలిశాక క్రాంక్‌ని వచ్చిన దారినే, అంటే ముందుకి ఆ పావు చుట్టే తిప్పి మార్కు మీదకి తీసుకురా. ముప్పావు చుట్టు అటునుంచి తిప్పి తేవద్దు. కామ్ కదలకుండా ఉన్నప్పుడు అలా తిప్పితే మధ్యలో 2, 3 పూర్తిగా పైకొస్తాయి, వాటి వాల్వులు కాస్త తెరుచుకుని ఉంటే మళ్ళీ అదే గొడవ.

అడిగినతను:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒక సందేహం. పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థితి (టీడీసీ) రెండు సార్లు వస్తుంది కదా, వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ పైకి తెస్తే అది కంప్రెషన్ టీడీసీయా, ఎగ్జాస్ట్ టీడీసీయా ఎలా తెలుస్తుంది? తప్పు టీడీసీలో పెడితే?

జవాబు:
ఈ అనుమానం షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళకి కూడా ఉంటుంది. బెల్ట్ లేనప్పుడు క్రాంక్‌కి ఆ తేడానే లేదు. కంప్రెషనా ఎగ్జాస్టా అని తేల్చేది కామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది కదా, కామ్ తన మార్కు మీద ఉంటే క్రాంక్ ఏ టీడీసీలో ఉన్నా సరైనదే.

ఇంకో మాట, బయటి పుల్లీ మీద గాటుని మాత్రం పూర్తిగా నమ్మకు. ఆ పుల్లీలో రెండు ఇనుప రింగుల మధ్య రబ్బరు ఉంటే, పాత బండ్లలో ఆ రబ్బరు జారి గాటు పక్కకి పోతుంది. లోపలి చిన్న పళ్ళ చక్రం మీది మార్కే చూడు. అయినా అనుమానంగా ఉంటే 1వ సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో కొబ్బరిబోండాం స్ట్రా దింపి చూడు. స్క్రూడ్రైవర్ వద్దు, అడ్డంగా పడితే ఇరుక్కుంటుంది. పైకొచ్చిన పిస్టన్ అక్కడ కాసేపు ఆగినట్టే ఉంటుంది, 5 డిగ్రీలు అటూ ఇటూ అయినా పావు మిల్లీమీటరు కూడా కదలదు. అందుకే స్ట్రా ఎక్కడ ఎత్తుగా ఉందని చూడకుండా, పైకి వెళ్ళేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే ఎత్తు వచ్చిన రెండు చోట్లు పుల్లీ మీద గీసుకుని వాటి మధ్య పట్టుకో.

ఇంకొకరు:
ఇంత తతంగం ఎందుకు బాస్? మార్కులు చూసి బెల్ట్ ఎక్కించి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూస్తే అయిపోతుంది. మా ఏరియాలో అందరూ అదే చేస్తారు.

జవాబు:
అందరూ చేస్తారు, నిజమే. నేనూ చేశాను, పదేళ్ళ కిందట ఒక కస్టమర్ బండికి. మార్కు కలిసిందని కంటితో చూసి సెల్ఫ్ కొట్టాను. లోపల గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు రెండు టిక్కులు, అంతే. రెండు వాల్వులు వంగాయి. హెడ్డు దింపి లేత్‌కి పంపించి, గ్యాస్కెట్ కొత్తది వేసి, నా జేబులోంచి కట్టుకున్నాను. సెల్ఫ్ మోటారుకి చేయి ఉండదు, తగిలిందో లేదో దానికి తెలియదు. మన చేతికి తెలుస్తుంది.

తమ్ముడూ, ఇక బెల్ట్ సంగతి. ముందు క్రాంక్ చక్రానికి తగిలించు. అక్కడి నుంచి టెన్షనర్ లేని వైపు బెల్ట్‌ని బిగుతుగా పైకి లాగి కామ్‌కి ఎక్కించు. కామ్ మీద జారకుండా బట్టలారేసే క్లిప్పు ఒకటి పెట్టుకో, నేను ఇప్పటికీ అదే వాడతాను. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. రెండోవైపు కాస్త వదులు ఉన్నా టెన్షనర్ లాగగానే కామ్ అర పన్ను జరుగుతుంది, అప్పటికే నువ్వు కవరు మూసేసి ఉంటావు.

టెన్షనర్ బిగించాక క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. ఇంజిన్ తిరిగే దిశలోనే, నీ శాంట్రోకి గడియారం ముల్లు దిశ. (మొదటి తరం హోండా సిటీ ఎదురు దిశలో తిరుగుతుంది, ఇది చదివి ఎవరైనా దానికి చేసేరు.) ప్లగ్గులు లేవు కాబట్టి తేలిగ్గా తిరగాలి. మెత్తగా బరువెక్కి దూకితే అది కామ్ స్ప్రింగు. గోడకి కొట్టుకున్నట్టు ఆగిందంటే ఆపెయ్, వెనక్కి తిప్పు, బెల్ట్ తీసి మొదటి నుంచి చెయ్. ఒక చుట్టు తర్వాత కామ్ మార్కు కింద కనిపిస్తుంది, కంగారు పడకు, రెండో చుట్టుకి పైకొస్తుంది. బెల్ట్ మీద పెయింట్‌తో గీతలు గీసుకుని ఉంటే రెండు చుట్ల తర్వాత అవి కలవవు. చూడాల్సింది పుల్లీల మార్కులే.

మరొకరు:
మూడు సిలిండర్ల ఆల్టో 800కి కూడా ఈ 90 డిగ్రీల లెక్కేనా?

జవాబు:
కాదండీ. మూడు పిస్టన్లు 120 డిగ్రీల తేడాతో ఉంటాయి. టీడీసీ నుంచి 60 డిగ్రీలు తిప్పితే ఒకటి అడుగున, మిగతా రెండూ పై నుంచి సమాన దూరంలో కిందికి ఉంటాయి. 90 తిప్పితే ఒకటి మళ్ళీ పైకి దగ్గరపడుతుంది.

అడిగినతను (రెండు రోజుల తర్వాత):
అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. క్రాంక్ వెనక్కి తిప్పగానే కామ్ వెన్నలా తిరిగింది. సీల్ కూడా మార్చేశాను. మొదటిసారి రెండు చుట్లు తిప్పాక కామ్ మార్కు ఒక పన్ను వెనక పడింది, టెన్షనర్ లేని వైపు వదులు మిగిలినట్టుంది. మళ్ళీ విప్పి ఎక్కించాను, ఈసారి నాలుగు చుట్లు తిప్పినా మార్కులు కదల్లేదు. ప్లగ్గులు వేసేముందు పక్కింటాయన కంప్రెషన్ గేజ్ తెచ్చి చూశారు, నాలుగు సిలిండర్లూ 165, 170, 165, 168 పీఎస్ఐ వచ్చాయి. స్టార్ట్ అయింది, ఐడ్లింగ్ బాగుంది. కానీ బెల్ట్ వైపు నుంచి సన్నగా విజిల్ లాంటి శబ్దం వస్తోంది.

జవాబు:
ఆ అంకెలతో వాల్వులు వంగి ఉండే అవకాశం లేదు. వంగితే ఆ సిలిండర్ గేజ్‌లో దాదాపు పైకే లేవదు. విజిల్ అంటే బహుశా బెల్ట్ మరీ బిగించి ఉంటావు. ఇంజిన్ చల్లారాక టెన్షనర్ వదులు చేసి, మాన్యువల్‌లో ఉన్న కొలత ప్రకారం మళ్ళీ సెట్ చెయ్. ఆ తర్వాత కూడా చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాకే సెల్ఫ్ కొట్టు.