చూడి పోయి నెలన్నర దాటినా ఆడగుర్రం ఎదకు రావడం లేదు, కారణం ఏమిటి?

మెదక్ రైతు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్ల మా మార్వాడీ ఆడగుర్రాన్ని ఫిబ్రవరి మొదటి వారంలో దాటించాము. 42వ రోజు స్కానింగులో పిండం గుండె కొట్టుకోవడం కూడా కనిపించింది. 63వ రోజున చూస్తే గర్భాశయం ఖాళీగా ఉంది. మే నెలాఖరు వచ్చినా అది ఇంతవరకు ఎదకు రాలేదు. పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ వేయించినా ఫలితం లేదు. మగగుర్రాన్ని దగ్గరికి తెస్తే చెవులు వెనక్కి వాల్చి కాలు విసురుతోంది. మా గేదెలు ఇదే ఇంజెక్షన్‌కు మూడు నాలుగు రోజుల్లో ఎదకు వచ్చేవి. దీని గర్భాశయం పాడైపోయిందేమోనని దిగులుగా ఉంది.

పశువైద్యురాలు, తిరుపతి:
మీరు చెప్పిన తేదీల్లోనే జవాబు ఉంది. గుర్రంలో ఎద చక్రం సుమారు 21 రోజులు. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం, ఎదను ఆపి ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది, చూడి నిలవకపోతే 14, 15 రోజులకు గర్భాశయం నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ దాన్ని కరిగించేస్తుంది, మళ్లీ ఎద వస్తుంది. మీరు వేయించిన ఇంజెక్షన్ చేసే పని ఇదే.

అయితే చూడి 36వ రోజు దాటాక కథ మారుతుంది. పిండం చుట్టూ ఉన్న పొరలోని కణాలు తల్లి గర్భాశయపు లోపొరలోకి చొచ్చుకుపోయి, చిన్న గిన్నెల ఆకారంలో స్థిరపడతాయి. వీటినే ఎండోమెట్రియల్ కప్పులంటారు. ఇవి ఈసీజీ అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతాయి. గొర్రెల్లో, ఆవుల్లో ఎద రప్పించడానికి మనం వాడే పీఎంఎస్‌జీ ఇదే. 1930లో కోల్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు చూడి గుర్రాల రక్తంలో దీన్ని గుర్తించారు. ఆడగుర్రంలో ఇది అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ లాగా పనిచేసి, అదనపు కార్పస్ లూటియంలను పుట్టిస్తుంది.

పిండం పోయినా ఈ కప్పులు వెంటనే పోవు. తల్లి రోగనిరోధక కణాలు వాటిని నెమ్మదిగా తొలగించేసరికి, దాటించిన రోజు నుంచి లెక్కేస్తే సుమారు 120 రోజులు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. అంతవరకు మీరు ఒక కార్పస్ లూటియంను కరిగించినా ఈసీజీ మరొకదాన్ని నిలబెడుతూ ఉంటుంది. మీ ఇంజెక్షన్ ఓడిపోయింది ఇక్కడే. గర్భాశయం పాడైందనడానికి ఇది రుజువు కాదు. ద్రవం ఏమైనా నిలిచిందేమో మాత్రం స్కానింగులో చూడమని మీ డాక్టరు గారిని అడగండి.

మరో మాట. ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది కాబట్టి గర్భవతులు, ఉబ్బసం ఉన్నవారు ఆ మందును ముట్టుకోకూడదు.

గుర్రాల శాల పర్యవేక్షకుడు:
పైన చెప్పిన మాటకు నా అనుభవం కూడా తోడు. మా దగ్గర ఒక గుర్రానికి రెండో నెలలో చూడి పోయింది. మేము తొందరపడకుండా ఆగితే, దాటించిన 130 రోజుల తర్వాత దానంతటదే ఎదకు వచ్చింది. కవల పిండాలున్నాయని తెలిస్తే వాటిలో ఒకదాన్ని 16వ రోజుకు ముందే తొలగించమని మా డాక్టరు పట్టుబట్టేది కూడా ఇందుకే: 35 రోజులు దాటాక రెండూ పోతే ఆ సీజన్ దాదాపు చేజారినట్టే.

మెదక్ రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అంటే జూన్, జూలై దాకా ఆగాలన్నమాట. అప్పటికి గుర్రాల సీజన్ అయిపోతుందా?

పశువైద్యురాలు, తిరుపతి:
అయిపోదు. రాత్రి చీకట్లో ఊరే మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఉంటే మెదడు అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గుతాయి, అందుకే చలి దేశాల్లో శీతాకాలమంతా ఆడగుర్రాలు ఎదకు రావు. హైదరాబాదు ప్రాంతంలో అతి పొడవైన పగలు పదమూడు గంటలు దాటితే, అతి పొట్టిది పదకొండు గంటలు దాటుతుంది. ఆ తేడా అంత తీవ్రం కాదు కనుక జూలై, ఆగస్టుల్లో మళ్లీ దాటించడానికి అవకాశం ఉంది. ఒక్క జాగ్రత్త: ఈసీజీని చూసే రక్తపరీక్షను ఇప్పుడు చేయిస్తే, కప్పులు మిగిలే ఉన్నాయి కాబట్టి చూడి ఉన్నట్టే చూపవచ్చు. దాన్ని నమ్మకండి, స్కానింగునే నమ్మండి.