గంట దగ్గరికొచ్చేసరికి గొంతులు కలవట్లేదు, ఆడియో ఎడిటింగ్ తెలిసినవాళ్లు చెప్పండి

వీడియో గేముల మీద తెలుగు పాడ్‌కాస్ట్ మాది. తిరుపతిలో ఇద్దరం, చిత్తూరులో ఒకడు. డిస్కార్డ్‌లో మాట్లాడుకుంటూ ఎవరి గొంతు వాళ్లం ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 48,000 శాంపుళ్లు, శబ్దం కొలతలు), మోనోలో రికార్డు చేసుకుంటాం. మొదట కొట్టే చప్పట్ల దగ్గర ట్రాకులు కలిపితే కాసేపు బాగానే ఉంటుంది. గంటకల్లా చిత్తూరు ట్రాకు దాదాపు అర సెకను ముందుకు జరిగి, ప్రశ్న పూర్తికాకముందే జవాబు వినిపిస్తుంది.

ఎవరిదైనా 44,100 హెర్ట్జ్‌లో రికార్డై 48,000గా ప్లే అయ్యే గొడవైతే గొంతు మొదటినుంచే మారిపోయేది, కాబట్టి అది కాదు. శాంపుళ్ల వేగాన్ని నడిపే సౌండ్ కార్డుల గడియారాల్లో కాస్త తేడానా, లేక యూఎస్‌బీ మైకు మధ్యమధ్యలో శాంపుళ్లు వదిలేస్తోందా? గడియారాలదైతే తేడా సమానంగా పెరగాలి, 3,600 సెకన్లకు అర సెకనంటే 0.014 శాతం. అంత చిన్న సవరణకు స్పీడ్ మార్చడం మేలా, మౌనం ఉన్నచోట కోసి జరపడమా? శాంపుళ్లు పోతుంటే ఎలా పట్టుకోవాలి? ఇదే మాకు ముఖ్యం, దయచేసి చెప్పండి.