అంకుడు కర్ర భరిణె మూతి కోలగా అయిపోతోంది, ఏం చేయాలి?

ఇంట్లో చిన్న లేత్ (కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద కుంకుమ భరిణె తిప్పుతున్నాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే. ఎత్తు 75 మి.మీ., మూతి లోపలి కొలత 46 మి.మీ. తిప్పిన రోజు మూత చిన్న 'టప్' శబ్దంతో చక్కగా కూర్చుంటుంది. రెండో రోజుకి ఒకవైపు పట్టేస్తుంది, పావు వంతు తిప్పి పెడితే వదులుగా ఊగుతుంది. వెర్నియర్ కొలత పరికరంతో మూతి లోపల చూస్తే ఒక దిశలో 45.7, అడ్డంగా 45.1 వస్తోంది.

మొదటి రెండూ పచ్చి కొమ్మతో చేశాను, అది నా తప్పే. మూడోదానికి మధ్యలో బెండు (కొమ్మ నడిమి మెత్తని భాగం) లేని ముక్క తీసుకున్నాను. భరిణె గోడ 10 మి.మీ. మందం ఉంచి గరుకుగా తిప్పి, కొనలకు కొవ్వొత్తి మైనం రాసి, చెక్కపొట్టుతో పాటు కాగితం సంచిలో 3 వారాలు ఉంచాను. బరువు 128 గ్రాముల నుంచి 96కి వచ్చింది, చివరి 4 రోజులు మారలేదు. ఆరిందనుకుని గోడ 4 మి.మీ.కి దించి, మూత సరిచేసి, అదే రోజు లక్క వేశాను. లక్క కరిగేటప్పుడు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మర్నాడు మళ్లీ అదే కోల! పగులు మాత్రం ఎక్కడా లేదు.

నాకు లక్క వేడి మీదే అనుమానం. చేసి చూసినవాళ్లు చెప్పండి: మూత పట్టే అంచును లక్క వేయకముందే సరిచేయాలా, లేక లక్క వేసి కొన్ని రోజులు ఆగాక చివర్లో తిప్పాలా?