పింగ్ వస్తోంది, ఫైల్ మాత్రం కదలట్లేదు. స్విచ్ పోర్టు సెట్టింగులు తెలిసినవాళ్లు కాస్త చూడండి

అకౌంట్స్ డెస్క్: పొద్దున్నుంచీ దీని ముందే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. ఆఫీసులో స్విచ్ మార్చాం. సర్వర్ పోర్టు 100 ఫుల్ డూప్లెక్స్ (100 ఎంబీపీఎస్ స్పీడు, పంపడం, అందుకోవడం ఒకేసారి) పెట్టాను, ట్రంక్ కూడా ఇచ్చాను, లైటు వెలుగుతోంది, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని చూసే చిన్న టెస్టు) ఒక్కటీ మిస్ కావట్లేదు. కానీ ఫైల్ కాపీ పెడితే కాసేపు వెళ్తుంది, ఆగిపోతుంది, మళ్లీ నత్తనడక. సాయంత్రానికి బిల్లులు వెళ్లాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ర్యాక్ రూమ్: మోడల్?

అకౌంట్స్ డెస్క్: మామూలు 24 పోర్టుల స్విచ్చే అండీ.

తీగల తాత: ముందు కేబుల్ సంగతి చూడు బాబూ. ఇప్పుడు చవగ్గా వచ్చేవాటిలో చాలావరకు అల్యూమినియం తీగ మీద రాగి పూతే. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. పైగా మనవాళ్లు ఒకే కేబుల్‌ని చీల్చి రెండు కంప్యూటర్లకు ఇస్తారు. 100కి నాలుగు తీగలు చాలు కాబట్టి నడుస్తుంది, గిగాబిట్‌కి, అంటే 1000కి, ఎనిమిదీ కావాలి. 100 మీటర్లు దాటించి లాగినవాళ్లనూ చూశాను, వాళ్లకైతే చెప్పి లాభం లేదు.

ర్యాక్ రూమ్: సర్వర్ వైపు నెట్‌వర్క్ కార్డు దేంట్లో ఉంది? ఆటోనా, అంటే స్పీడు, డూప్లెక్స్ అదే తేల్చుకునేలా?

అకౌంట్స్ డెస్క్: దాన్ని నేను ముట్టుకోలేదు. ఆటో అనే ఉంది.

ర్యాక్ రూమ్: అదీ సంగతి. పోర్టు కూడా ఆటో పెట్టు.

నైట్ షిఫ్ట్: కొంచెం వివరంగా చెప్పండి సార్, పాపం. ఒకవైపు 100 ఫుల్ అని బిగించేస్తే ఆ పోర్టు మామూలుగా ఇక అవతలివైపుతో స్పీడు, డూప్లెక్స్ బేరమాడదు. ఆటోలో ఉన్న రెండోవైపు సిగ్నల్ చూసి స్పీడు పట్టుకుంటుంది గానీ డూప్లెక్స్ తెలియక హాఫ్‌కి (పంపడమో, అందుకోవడమో, ఒకసారికి ఒకటే) పడిపోతుంది. స్విచ్ తన ఇష్టమొచ్చినప్పుడు పంపుతుంది, సర్వర్ దాన్ని కొలిజన్ (రెండు వైపుల సిగ్నళ్లు గుద్దుకోవడం) అనుకుని మధ్యలో ఆపేస్తుంది. పింగ్ చిన్న ప్యాకెట్లు, అప్పుడొకటి ఇప్పుడొకటి, అందుకే ఈ గుద్దులాటలో పెద్దగా చిక్కుకోవు. పోర్టు కౌంటర్లు చూడండి, స్విచ్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడైపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతుంటే ఇదే.

హబ్బుల కాలం: ట్రంక్ ఇచ్చాను అన్నారు, ఒక్క సర్వర్‌కి ట్రంక్ ఎందుకు? రెండు పోర్టులు కలిపారా?

నైట్ షిఫ్ట్: ట్రంక్ అంటే చాలా వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు) ఒకే పోర్టు మీద వెళ్లడం కదా.

హబ్బుల కాలం: అది సిస్కోలో. పాత హెచ్‌పీ ప్రోకర్వ్‌లో ట్రంక్ అంటే పోర్టులు జత చేయడమే, వీలాన్‌కి ట్యాగ్ అంటారు. మోడల్ చెప్పకుండా ట్రంక్ అంటే ఏమనుకోవాలి?

ర్యాక్ రూమ్: దానికీ ఈ సమస్యకీ సంబంధం లేదు.

హబ్బుల కాలం: లేదని మీకెలా తెలుసు?

మేడమీద వైఫై: మధ్యలో దూరుతున్నా. మా దగ్గర లైన్ ఇచ్చినవాళ్ల బాక్సు 100 ఫుల్‌కి బిగించి ఉంది, మార్చరట. నేనూ ఆటోనేనా?

ర్యాక్ రూమ్: కాదు. అప్పుడు నువ్వూ 100 ఫుల్.

తీగల తాత: ఇంతకీ కేబుల్ ఎవరూ గీకి చూడలేదు.

అకౌంట్స్ డెస్క్: ఆటో పెట్టాక 1000 చూపిస్తోంది, కాపీ అయిపోయింది, థాంక్స్ అందరికీ. ఇప్పుడు ప్రింటర్ దొరకట్లేదు, అది వేరే పోస్టు పెడతా.