వాననీటి తోటలకు అప్పు: మురుగునీటి పనితో కలిపి అడగాలా?

అమెరికాలో మున్సిపల్ నిధుల దరఖాస్తులు పెట్టినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మా ఊళ్లో మురుగు, వాననీరు ఒకే గొట్టంలో పోతాయి. గట్టి వాన పడితే చాలు, శుద్ధి కాని నీళ్లు పొంగి నేరుగా ఏట్లో కలుస్తున్నాయి. శుద్ధి కేంద్రం మరమ్మతుతోపాటు వాననీటి తోటలు (వాననీటిని పట్టి నేలలోకి ఇంకించే మొక్కల గుంటలు), నీరు ఇంకే పేవ్‌మెంట్ కూడా వేయమని కౌన్సిల్‌ను అడుగుతున్నాం.

1987 క్లీన్ వాటర్ చట్ట సవరణతో వచ్చిన స్టేట్ రివాల్వింగ్ ఫండ్ (తిరిగొచ్చిన అప్పు సొమ్మును మళ్లీ అప్పుగా ఇచ్చే రాష్ట్ర నిధి) ఈ రెండింటికీ తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. పైగా 2021 మౌలిక వసతుల చట్టం ఈ ఫండ్‌కు చేర్చిన సాధారణ అదనపు నిధుల్లో 49 శాతం గ్రాంటుగానో, తిరిగి కట్టనక్కర్లేని అప్పుగానో ఇవ్వాలి. మాలాంటి పేద ఊరికి ఆ భాగమే ప్రాణం.

రెండు పనులూ ఒకే దరఖాస్తులో పెడితే ఏ పనికి ముందు నిధులివ్వాలో రాష్ట్రం వేసే ప్రాధాన్య జాబితాలో పైకి వస్తామా, విడివిడిగా పెడితే మేలా? తోటల నిర్వహణకు ఈ అప్పు వాడకూడదు కదా, ఆ ఖర్చు మీరు ఎక్కణ్నుంచి తెచ్చారు?