గ్రాఫీన్ మీద “ఉపరితల తరంగం” అనవచ్చునా?

సర్ఫేస్ వేవ్‌కు తెలుగు మాట అడిగిన మిత్రునికి ఇక్కడ అందరూ “ఉపరితల తరంగం” అనే సూచించారు. విశాఖపట్నంలో డిగ్రీ తరగతులకు భౌతికశాస్త్రం బోధిస్తూ నేనూ ఆ మాటనే చాలాకాలం వాడాను. అయితే బీచ్ రోడ్డు మీదుగా కళాశాలకు వచ్చే పిల్లలకు ఆ మాట వినగానే కెరటమే కళ్ళ ముందు మెదులుతుంది. మనం చెప్పదలచుకున్నది లోహపు తలాన్ని విడవకుండా దాని వెంటే సాగుతూ, తలం నుండి దూరం పెరిగేకొద్దీ వేగంగా క్షీణించే విద్యుదయస్కాంత తరంగాన్ని గురించి.

గోరుతో గీస్తే గరగరమనేటట్లు 5 మిల్లీమీటర్ల లోతున దగ్గరదగ్గరగా గాడులు కోసిన అల్యూమినియం పలక మీద, 10 గిగాహెర్ట్జ్ తరంగాన్ని, అంటే 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గలదాన్ని, గాడులకు అడ్డంగా పంపి చూడండి. డిటెక్టరును పలక నుండి ఒక సెంటీమీటరు పైకి ఎత్తేసరికి మీటరు ముల్లు దాదాపు సున్నాకు దిగిపోతుంది. నున్నని పలకకు తరంగాన్ని ఇలా అంటిపెట్టుకొనే పట్టు ఉండదు, ఎందుకంటే ఆ పౌనఃపున్యంలో లోహం తరంగాన్ని తనలోకి దాదాపు రానివ్వదు. గాడి లోతు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు, ఈ పలక విషయంలో సుమారు 15 గిగాహెర్ట్జ్‌కు, చేరువయ్యేకొద్దీ పట్టు మరింత బిగుస్తుంది.

ఇక గ్రాఫీన్ ఒకే పరమాణువు మందం గల కార్బన్ పొర. దానికి లోపలి భాగమే లేనప్పుడు “ఉపరి” దేనికి? తరంగం పొరకు రెండు వైపులా సమానంగా వ్యాపించి ఉంటుంది. పరారుణ కాంతిలో దాని తరంగదైర్ఘ్యం గాలిలో ఉన్నదానికంటే పదుల రెట్లు చిన్నది. పైగా వోల్టేజి మార్చి దాన్ని సవరించుకోవచ్చు.

అచ్చతెనుగులో “పాకుడు అల” అందామంటే మన తీరంలో రాళ్ళ మీద కాలు జార్చే పాకుడే గుర్తుకు వస్తుంది. “అంటు అల” అంటే అంటువ్యాధి అడ్డు తగులుతుంది. “తలబద్ధం” అంటే శిరస్సు స్ఫురిస్తుంది. అందుచేత “తలాశ్రిత తరంగం” అని నా ప్రతిపాదన. తలాన్ని ఆశ్రయించి బ్రతకడమే దాని లక్షణం.

వ్యాఖ్య: బాగుందండీ. వెండి, బంగారాల తలం మీద ఎలక్ట్రాన్ల ఊగిసలాటతో కలిసి సాగే కాంతి తరంగం ప్లాస్మాన్ కదా. మరి గాడులో రంధ్రాలో చేసిన లోహం మీద దాన్ని పోలి సాగే స్పూఫ్ ప్లాస్మాన్‌ను “నకిలీ ప్లాస్మాన్” అనవచ్చునా?

జవాబు: అనకూడదనే నా అభిప్రాయమండీ. నకిలీ నోటు చెల్లదు, కానీ ఈ తరంగం నిజంగానే శక్తిని మోసుకుపోతుంది. పెండ్రీ, మార్టిన్-మొరెనో, గార్సియా-విడాల్ అనే భౌతికశాస్త్రవేత్తలు 2004లో చూపినది, తరంగదైర్ఘ్యం కంటే చిన్న ఎడంతో రంధ్రాలు చేసిన లోహం, కాంతి విషయంలో వెండి, బంగారాలు ప్రవర్తించినట్లే తక్కువ పౌనఃపున్యాల తరంగాలను పట్టి ఉంచగలదని. ఇక్కడ పట్టు లోహపు స్వభావం వల్ల గాక ఆకృతి వల్ల కలుగుతున్నది కనుక, గాడులున్నచోట “గాడి ప్లాస్మాన్” అనీ, రంధ్రాలున్నచోట “రంధ్ర ప్లాస్మాన్” అనీ అంటే సరిపోతుంది.