పాత 22 అంగుళాల స్టీలు సైకిలును రోజూ పనికి తొక్కేలా చేయాలి (కర్నూలు): గేర్లు పెట్టించాలా?

కల్లూరు_సవారీ అడిగినది:

ఇంట్లో పాత నల్ల సైకిలు ఉంది. 22 అంగుళాల ఫ్రేము, 28×1½ చక్రాలు, రాడ్ బ్రేకులు, ముందు 48 పళ్ళు, వెనక 18. కల్లూరు నుంచి నంద్యాల రోడ్డు మీద పనిచేసే చోటికి ఒకవైపు సుమారు 11 కిలోమీటర్లు. టిఫిన్ క్యారియరు, ల్యాప్‌టాప్ కలిపి ఆరేడు కిలోల బరువు ఉంటుంది. పొద్దున బాగానే ఉంటుంది గానీ జూన్, జూలైల్లో సాయంత్రం తిరుగు దారిలో ఎదురుగాలికి మోకాళ్ళు పట్టేస్తాయి.

700సి అల్లాయ్ చక్రాలు, 7 స్పీడు గేర్లు, కేబుల్ బ్రేకులు వేయిద్దామని ఉంది. 7,000 దాకా పెట్టగలను. ఈ ఫ్రేముకు ఇవన్నీ పడతాయా? దేనితో మొదలుపెట్టాలి?

కోన్_స్పానర్:

పడతాయి, కానీ ఒక్కటి మారిస్తే దాని వెనక నాలుగు మార్చాల్సి వస్తుంది. ఆ వరస ముందే తెలిస్తే మీరే ఆలోచన మార్చుకుంటారు.

28×1½ టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635 అని ఉంటుంది. 635 అంటే టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 700సి రిమ్ముకు అది 622. రెండింటినీ షాపుల్లో 28 అనే అంటారు, కానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి అంచును పైకి లాగి పట్టుకుంటాయి. 700సి అల్లాయ్ రిమ్ముకు అలాంటి అంచే ఉండదు, కాబట్టి రాడ్ బ్రేకులు మొత్తం పోతాయి. కేబుల్ బ్రేకు పెడితే రిమ్ము 6.5 మి.మీ. కిందికి జరిగినట్టు లెక్క. ఈ ఫ్రేముల్లో బోల్టు రంధ్రానికీ రిమ్ముకూ దూరం అసలే ఎక్కువ. మామూలు క్యాలిపర్ (రిమ్మును రెండు పక్కల నుంచీ పట్టే కేబుల్ బ్రేకు) అందదు, పొడుగు చేతులది వెతకాలి. ఇక పాత హబ్బులకు ముందు 32, వెనక 40 పుల్లలు ఉంటాయి. షాపులో దొరికే అల్లాయ్ రిమ్ములు ఎక్కువగా 36 రంధ్రాలవి. అంటే హబ్బులూ కొత్తవే.

గేర్ల సంగతి ఇంకా పెద్దది. మీ వెనక ఫోర్కు వెడల్పు కొలిచి చూడండి, 110 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. 7 స్పీడు హబ్బుకు కనీసం 126, ఇప్పటివాటికి 130 నుంచి 135 కావాలి. స్టీలు గనక వంచి వెడల్పు చేయవచ్చు, కానీ రెండు వైపులా సమానంగా తెరిచి, కొసలు మళ్ళీ సమాంతరంగా తేవాలి. అది చేయకపోతే ఇరుసు వంకరగా బిగుసుకుని తొందరగా విరుగుతుంది. మీ సైకిలుకు పెడళ్ళ దగ్గరుండే పళ్ళ చక్రం (చైన్‌వీలు) పళ్ళు ⅛ అంగుళం చైనుకు చేసినవి. గేర్ల చైను లోపలి వెడల్పు 3/32, ఆ పళ్ళ మీద కూర్చోదు. కాబట్టి చైన్‌వీలు, దాంతో క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) కూడా మారతాయి. 7,000 అక్కడే అయిపోతాయి.

నా మాట వినండి. ఈ సైకిలును సింగిల్ స్పీడుగానే ఉంచి, వెనక ఫ్రీవీలు (వెనక చక్రం మీది పళ్ళ బిళ్ళ) 22 పళ్ళది వేయించండి. మీకు మోకాళ్ళు పట్టేది గేర్లు లేక కాదు, ఉన్న ఒక్క గేరు బరువైనది కావడం వల్ల. 48×18తో పెడలు ఒక చుట్టుకు సైకిలు దాదాపు 6 మీటర్లు పోతుంది. ఎదురుగాలిలో గంటకు 12–13 కి.మీ. వేగం అంటే నిమిషానికి 35 చుట్లే. అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్రతి తొక్కుకూ బరువంతా మోకాలి మీదే పడుతుంది. 22 పళ్ళతో చుట్టుకు 4.9 మీటర్లు, అదే వేగానికి 43 చుట్లు దాకా వస్తాయి. గాలి లేనప్పుడు 80 చుట్లు తిప్పితే 23 కి.మీ. వేగం ఎలాగూ అందుతుంది.

మర దాదాపు అందరిదీ ఒకటే, పాతది విప్పి కొత్తది తిప్పడమే. నాలుగు పళ్ళు పెరిగాయి కాబట్టి చక్రాన్ని 12–13 మి.మీ. ముందుకు జరపండి, జాగా లేకపోతే చైనుకు ఒక జత లింకులు కలపండి. చైను మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి అర అంగుళం ఆడాలి. పెడలు తిప్పుతూ చైను బాగా బిగుసుగా ఉండే చోటే ఆ కొలత చూడండి. ఒకచోట వదులు, ఒకచోట బిగుతు ఉండటం పాత చైన్‌వీళ్ళకు మామూలే.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. మన దగ్గర రెండు పాదాలూ నేలకు ఆనేట్టు సీటు దించేస్తారు, సగం మోకాళ్ళ నొప్పులు దానివే.

గాలిమర_515:

పై లెక్కంతా నిజమే. కానీ గేర్లు కావాల్సిందే అనుకుంటే నల్ల సైకిలు జోలికి పోకుండా, ఏదైనా పాత స్టీలు ఎంటీబీ (మౌంటెన్ బైకు) వెతకండి. 26×1.95 చక్రాలు, అంటే టైరు మీద 559 అని ఉండేది. లేడీస్ సైకిళ్ళ 26×1⅜ వేరు, అది 590. వెనక వెడల్పు ముందే సరిపడా ఉంటుంది, వి-బ్రేకుల (పొడుగు చేతులతో రిమ్మును పక్కల నుంచి పట్టే బ్రేకులు) గూటాలు ఫ్రేముకే అతికి ఉంటాయి, అల్లాయ్ రిమ్ములు 36 రంధ్రాలవి సులువుగా దొరుకుతాయి.

కొనేటప్పుడు మొదట ఫ్రేము చూడండి. వెనక ఫోర్కు కొసకు దారం కట్టి, హ్యాండిల్ కింది పైపు చుట్టూ తిప్పి రెండో కొసకు తేవాలి. దారానికీ సీటు పైపుకూ మధ్య దూరం రెండు వైపులా ఒకటే ఉండాలి. రెండు మిల్లీమీటర్ల తేడా సర్దుకుంటుంది, ఐదుంటే వదిలేయండి. సీటు రాడ్డు పైకి లాగి లోపల టార్చి వేయండి. పెడలు ఇరుసు ఉండే డబ్బా కింద, సీటు బోల్టు దగ్గర పెయింటులో సన్నని గీత కనిపిస్తే గోటితో గీకి చూడండి. పగులైతే గీత లోపలికీ పోతుంది.

ముందు షాకబ్జార్బర్ ఫోర్కు ఉంటే అది బరువే తప్ప రోడ్డు మీద లాభం లేదు. అదే పొడవు ఉన్న గట్టి స్టీలు ఫోర్కు వేయించండి. పొట్టిది వేస్తే సైకిలు ముందుకు వాలి హ్యాండిల్ తడబడుతుంది. ముందు గేరు మార్చే యంత్రం తీసేసి 38 పళ్ళ ఒక్క చైన్‌వీలు, వెనక 14–28 ఫ్రీవీలు ఉంచుకుంటే చాలు. చిన్న గేరులో 60 చుట్లకు 10 కి.మీ. వేగం, పెద్ద గేరులో 20. కర్నూలులో రోజువారీ దారికి ఇంతకన్నా అక్కర్లేదు. టైర్లు గుబ్బలవి తీసి నున్నటి 26×1.5 వేయండి. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెలిసేది ఇక్కడే.

ఒక్క జాగ్రత్త. మరతో బిగించే 7 స్పీడు ఫ్రీవీలులో కుడి బేరింగు బాగా లోపలికి ఉంటుంది, ఇరుసు కొస చాలా దూరం ఆధారం లేకుండా ఉండిపోతుంది. క్యారియరు మీద మనిషిని ఎక్కిస్తే వంగుతుంది. లంచ్ బాక్సుకు ఏమీ కాదు.

నల్లరేగడి:

అన్నా, పల్లేరుకాయల మాట ఎవరూ ఎత్తలేదే! ఊరు దాటినాక రోడ్డు పక్క మట్టిలో దిగినారంటే సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు రెండూ గ్యారంటీ. పంక్చరు వేసినాక మళ్ళీ రెండు రోజులకే గాలి పోతాదంటే ముల్లు కొన టైరులోనే మిగిలిపోయింటాది. టైరు లోపల దూది తిప్పండి, ఎక్కడ ముల్లుంటే అక్కడ దూది పట్టుకుంటాది. పాత ట్యూబును పొడుగ్గా కోసి, వాల్వు తీసేసి, టైరుకూ ట్యూబుకూ మధ్య పరిస్తే చిన్న ముళ్ళు ఆగుతాయి. కొంచెం బరువు పెరుగుతాది, పర్వాలేదు.

ప్యాచీ వేసేటప్పుడు సొల్యూషన్ పూసి ఐదు నిమిషాలు ఆరనియ్యాల. తడిమీద అంటిస్తే మే నెల ఎండకు లేచిపోతాది. పాత రకం వాల్వులో వాల్‌ట్యూబు రబ్బరు కూడా ఎండకు చీలుతాది. పంక్చరు కనిపించకుండా గాలి దిగుతుంటే మొదట దాన్నే మార్చండి.

వానాకాలం రేగడి మట్టిలో దిగినారో మడ్గార్డుకూ టైరుకూ మధ్య నిండి చక్రం తిరగదు. మడ్గార్డుకు టైరుకు వేలు పట్టేంత సందు ఉంచండి. ఈ విషయంలో పాత నల్ల సైకిలే మేలు, జాగా ఎక్కువ.

కల్లూరు_సవారీ:

చాలా సంతోషం. గేర్లు వద్దు, 22 పళ్ళ ఫ్రీవీలే వేయిస్తాను. ఇంకో రెండు సందేహాలు. పెడలు తొక్కుతుంటే చుట్టుకోసారి 'టక్' అంటోంది. వానలో బ్రేకు అసలు పట్టడం లేదు.

కోన్_స్పానర్:

టక్ అనేది చాలావరకు కాటర్ పిన్నే, అంటే క్రాంకును ఇరుసుకు బిగించే పిన్ను. పెడళ్ళు రెండూ నేలకు సమానంగా పెట్టి, రెండింటి మీదా నిలబడి చూడండి, తర్వాత అర చుట్టు తిప్పి మళ్ళీ నిలబడండి. క్రాంకు జరిగినట్టు తెలిస్తే ఆ వైపు పిన్ను అరిగింది. పాతదాన్నే నట్టుతో లాగి బిగించవద్దు, మరలు తెగుతాయి. కొత్త పిన్ను అదే మందం చూసి తీసుకోండి. క్రాంకు కింద ఇనప పైపు ముక్కను నేల దాకా ఆనించి, అప్పుడు సుత్తితో పిన్నును కొట్టండి. ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బ లోపలి బేరింగు మీద పడి గుంటలు పడతాయి. పిన్ను కూర్చున్నాక నట్టు బిగించండి. 50 కి.మీ. తొక్కాక మళ్ళీ ఒకసారి కొట్టి బిగించాలి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల నుంచి దిగాలి, లేకపోతే క్రాంకులు ఒక గీతలో ఉండవు.

అది విప్పినప్పుడే లోపల ఓవర్‌హాలింగ్ కానిచ్చేయండి. గట్టిపడ్డ గ్రీజు కిరోసిన్‌తో కడిగి, ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ 11 చొప్పున కొత్తవి వేసి, లిథియం గ్రీజు నింపండి. వెనక హబ్బుకు అదే సైజువి ఒక్కో వైపు 9.

బ్రేకు విషయంలో నిజం చెప్పాలంటే, క్రోము స్టీలు రిమ్ము తడిస్తే ఏ రబ్బరూ సరిగ్గా పట్టదు. నల్ల సైకిలుకున్న పెద్ద లోపం అదే. చేయగలిగింది చేయండి: రిమ్ము తుప్పు తీసి, బెండు తీయించి, రబ్బర్లు కొత్తవి వేసి, రాడ్ల కీళ్ళన్నింటికీ చుక్క ఆయిల్ వేయండి. రబ్బరు గూటికి ఒక కొస మూసి ఉంటుంది. ముందు బ్రేకులో ఆ కొస ముందుకు ఉండాలి, వెనక పెడలు డబ్బా దగ్గరుండే బ్రేకులో కిందికి ఉండాలి. తిరగేసి పెడితే గట్టిగా పట్టినప్పుడు రబ్బరు జారి బయటికి వచ్చేస్తుంది. వానలో ఆపాల్సిన చోటుకు చాలా ముందే బ్రేకును మెల్లగా ఆనించి రిమ్ము మీది నీళ్ళు తుడవండి, తర్వాత పట్టండి. బళ్ళారి చౌరస్తా లాంటి రద్దీలో, వాన పడుతున్నప్పుడు, దిగి నడిపించుకుపోవడమే మంచిది.

గాలిమర_515:

వెనక ఎర్ర లైటు మర్చిపోవద్దు. సీసా డైనమో తడి టైరు మీద జారుతుంది, అది తిరగకపోతే లైటే ఉండదు. యూఎస్‌బీతో ఛార్జయ్యేది క్యారియరు కొసన బిగించండి, సీటు కింద పెడితే బ్యాగు కప్పేస్తుంది.